ఫైర్‌మన్ చేతికి అంటుకునే నెత్తురు

తిరుపతి, చిత్తూరు, పీలేరు వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్లంటే డ్రైవర్లు, వంటవాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ముందుగా గుర్తుకు వస్తారు. కొన్నేళ్లుగా వాళ్లతోపాటు ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా చేతపట్టుకుని విమానమెక్కే కుర్రవాళ్లు కూడా బయలుదేరుతున్నారు. నేను ఆ దారిలో వెళ్లినవాణ్నే. కువైట్‌లో అహ్మది వైపు చమురు క్షేత్రాల దగ్గర ఒక కాంట్రాక్టు సంస్థ నడిపే అగ్నిమాపక బృందంలో పనిచేస్తున్నాను. సెలవులో ఊరికి వచ్చినప్పుడల్లా మావాళ్లు మంటల గురించి, చమురు ట్యాంకుల గురించి, పొగ గురించి అడుగుతారు. మా పనిలో నెత్తురు ఎంత ఉంటుందో మాత్రం ఎవరూ అడగరు. అడగకపోవడంలో తప్పేమీ లేదు. డిప్లొమా చదివే రోజుల్లో మాకూ ఆ సంగతి ఎవరూ గట్టిగా చెప్పలేదు.

నిజానికి మాకు వచ్చే పిలుపుల్లో పెద్ద మంటలు తక్కువ. ఎడారి మధ్య తిన్నగా సాగిపోయే రోడ్ల మీద నూట నలభై, నూట అరవై వేగంతో వచ్చి ట్యాంకర్‌ను వెనుక నుంచి గుద్దిన కార్లు, పైపులైను పనిలో చేయి నలిగినవాళ్లు, ఎత్తు నుంచి పడినవాళ్లు ఎక్కువ. అంబులెన్సుకన్నా ముందు మా బండి చేరితే, కారు తలుపును హైడ్రాలిక్ కటర్‌తో కోసి మనిషిని బయటికి తీసేది మేమే. మొదట పలుచటి నైట్రైల్ గ్లౌజు వేసుకుని, దాని మీద మందపాటి తోలు గ్లౌజు తొడుక్కోవాలన్నది నియమం. అయితే యాభై డిగ్రీల ఎండలో లోపలి గ్లౌజు చెమటకు జారిపోతుంది, పైది నెత్తురుకు నానిపోతుంది, రేకు అంచో అద్దం పెంకో రెండింటినీ చీల్చుకుని చర్మాన్ని కోస్తుంది. ఆ కోత లోపలికి నెత్తురు చేరుతున్న సంగతి పని ముగిసి చేతులు కడుక్కునేటప్పుడు గానీ తెలియదు.

నెత్తురు ద్వారా సోకే జబ్బుల్లో మా వృత్తికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి. ఈ వైరస్ ఎండిన నెత్తురు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. అందువల్ల ప్రమాద స్థలంలోనే కాకుండా, తిరిగి వచ్చి కటర్లు తుడిచేటప్పుడు, నెత్తురంటిన కోటు మడిచేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. ఆసుపత్రి సిబ్బంది మీద జరిగిన పరిశీలనల ప్రకారం, టీకా వేసుకోనివాడికి ఆ జబ్బున్న రోగి నెత్తురంటిన సూది గుచ్చుకుంటే హెపటైటిస్ బి సోకే అవకాశం 6 నుంచి 30 శాతం వరకు ఉంటుంది. అదే హెచ్‌ఐవీ అయితే సుమారు 0.3 శాతం. కాలేయానికే సోకే మరో వైరస్ హెపటైటిస్ సి విషయంలో చాలాకాలం 1.8 శాతమని చెప్పేవారు, తర్వాతి పరిశీలనల్లో అది 0.2 శాతం దగ్గరకు దిగింది. ఇవి సూదికి సంబంధించిన లెక్కలు. బోలు సూదిలో నిలిచినంత నెత్తురు అద్దం పెంకు మీద నిలవదు కాబట్టి మా పనిలో ప్రమాదం కొంత తక్కువ కావచ్చు. అయినా మూడింటిలో ఏది ముందుందో చూడడానికి ఆ అంకెలు చాలు. మా బృందంలో హెచ్‌ఐవీ పేరెత్తితే అందరూ బెదురుతారు, హెపటైటిస్ బి అంటే పచ్చకామెర్లే కదా అని తేలిగ్గా తీసేస్తారు.

హెపటైటిస్ సి విషయంలో అమెరికాలో ఒక పెద్ద గాభరా నడిచింది. 1990ల చివర ఫిలడెల్ఫియా నగరంలోని అగ్నిమాపక సిబ్బందిలో ఆ జబ్బు విపరీతంగా ఉందన్న ఆందోళన రేగి, రెండు వేల మందికి పైగా పరీక్షలు చేశారు. సుమారు 3 శాతం మందిలో సోకిన గుర్తులు కనిపించాయి. 2000లో ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రం ఇలాంటి పరిశీలనలన్నిటినీ కలిపి చూసి, అదే వయసు సాధారణ జనంతో పోలిస్తే అగ్నిమాపక సిబ్బందికి ఉద్యోగం వల్ల ఎక్కువగా సోకిందని చెప్పడానికి ఆధారం లేదని తేల్చింది. ఫైర్‌మన్‌లందరికీ క్రమం తప్పకుండా ఆ పరీక్ష చేయవలసిన అవసరం లేదనీ, నెత్తురు తగిలిన ప్రతి సందర్భాన్నీ వెంటనే నమోదు చేసి ఆ మనిషిని కనిపెట్టుకుని ఉండడమే దారి అనీ చెప్పింది. నాకు ఇందులో ముఖ్యమనిపించే మాట ‘వెంటనే నమోదు’. మావంటి వాళ్ల దగ్గర తెగిపోయేది సరిగ్గా అక్కడే.

ఎందుకు తెగిపోతుందో గల్ఫ్ మెడికల్ తెలిసినవాళ్లకు విడమర్చి చెప్పనక్కర లేదు. వీసా రావాలంటే నిర్ణీత కేంద్రంలో పరీక్షలు చేయించుకోవాలి. మావైపు వాళ్లు చాలామంది అందుకోసం చెన్నై వెళ్లేవారు. క్షయ, హెచ్‌ఐవీతోపాటు హెపటైటిస్ బి, సి కూడా అందులో చూస్తారు. దేనిలో పాజిటివ్ వచ్చినా కాగితం మీద ‘అన్‌ఫిట్’ అని పడుతుంది. ఏజెంటుకు కట్టిన డబ్బు, వడ్డీకి తెచ్చిన అప్పు ఆ ఒక్క మాటతో మన నెత్తిన మిగిలిపోతాయి. అక్కడికి చేరాక నివాస అనుమతి (అకామా) కోసం మళ్లీ రక్తం తీస్తారు. ఈ పరీక్షలన్నీ నాకు జబ్బు ఉందా అని అడిగేవే. నేను చేయబోయే పనిలో జబ్బు అంటకుండా ఏం చేద్దామని అడిగే కాగితం ఆ కట్టలో ఒక్కటీ ఉండదు. జల్లెడ పట్టి మంచి గింజను లోపలికి తీసుకున్నారు సరే, ఆ తర్వాత దానికి పురుగు పట్టకుండా చూసే బాధ్యత ఎవరిదో రాసుకోలేదు.

మా క్యాంపులో మదనపల్లె వైపు అబ్బాయి ఒకడికి కారు అద్దం తీస్తుండగా బొటనవేలి మొదట్లో తెగింది. గాయపడిన మనిషి నెత్తురు అప్పటికే వాడి గ్లౌజు నిండా ఉంది. సూపర్‌వైజర్‌కు చెప్పి రాయించుకోమన్నాను. “వద్దులే అన్నా. రాసిస్తే రక్తం తీస్తారు, అందులో ఏమన్నా తేలితే మెడిసిన్ ఇయ్యరు, టికెట్ ఇస్తారు” అన్నాడు. వాడి భయం ఉత్తది కాదు, అలా ఇంటికి పోయినవాళ్లను ఇద్దరమూ చూశాం. వారం గడిచాక గానీ వాడు డాక్టరు దగ్గరికి రాలేదు. అదృష్టవశాత్తు తర్వాతి పరీక్షల్లో ఏమీ తేలలేదు.

అయితే ఆ వారం రోజుల విలువ తెలిస్తే ఎవరూ అలా దాచుకోరు. కోసుకున్న చోట సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో కడగాలి. పిండకూడదు. కళ్లలో చిమ్మితే నీళ్లతో బాగా కడుక్కోవాలి. టీకా లేనివాడికి హెపటైటిస్ బి టీకాతోపాటు, తయారుగా ఉన్న రక్షణ పదార్థాలుండే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజక్షన్ వీలైతే 24 గంటల లోపల ఇస్తారు. సూది గుచ్చుకున్న సందర్భంలో ఏడు రోజులు దాటితే దానివల్ల ప్రయోజనం ఉంటుందని చెప్పలేరు. జబ్బు బయటపడడానికి సగటున మూడు నెలలు పడుతుంది కాబట్టి, కోత పడింది కువైట్‌లో అయినా కళ్లు పచ్చబడేది సెలవులో చంద్రగిరిలో కావచ్చు. చాలామందికి కళ్లు పచ్చబడవు కూడా. పెద్దయ్యాక సోకినవాళ్లలో నూటికి తొంభై అయిదు మందికి దానంతట అదే వదిలిపోతుంది. మిగిలినవాళ్లలో ఏళ్ల తరబడి నిలిచిపోయి భార్యకు సోకవచ్చు, ఆమె ద్వారా పుట్టబోయే బిడ్డకూ చేరవచ్చు. పురిటిలో సోకిన పిల్లల్లో నూటికి తొంభై మందికి అది జీవితాంతం ఉండిపోతుంది. పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు టీకా వేయడం అందుకే.

మావైపు కామెర్లు అనగానే నేలఉసిరి పసరు, ఉప్పూ నూనె లేని పథ్యం గుర్తుకు వస్తాయి. పసరు తాగినవాళ్లకు తగ్గిన మాట నిజమే. కలుషితమైన నీటి ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ చాలావరకు కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి, మెప్పు పసరుకు దక్కుతుంది. నెత్తురు ద్వారా వచ్చిన బి లోపల ఉండిపోయినా పైకి పచ్చదనం పోతుంది కాబట్టి, ఆ మెప్పే మనిషిని పరీక్ష దాకా పోనివ్వదు.

అమెరికాలో 1991లో చేసిన ఒక నిబంధన అమలులో ఉంది. నెత్తురు తగిలే అవకాశమున్న పనిలో మనిషిని పెట్టుకున్న యజమాని, పది పనిదినాల్లోగా హెపటైటిస్ బి టీకాను ఉచితంగా ఇస్తామని చెప్పాలి. వద్దన్నవాడు ఆ మాట రాసి సంతకం పెట్టాలి. నాతో పనిచేసిన ఒక ఫిలిప్పీన్స్ మిత్రుడు అంతకుముందు అమెరికా సంస్థ ఒకదానిలో చేసినప్పుడు ఆ టీకా కార్డు తెచ్చుకున్నాడు. మా కాంట్రాక్టులో బూట్ల సైజు దగ్గర నుంచి భోజనం భత్యం దాకా ఉన్నాయి, టీకా ఊసు లేదు. అలాగని అది దొరకని వస్తువేమీ కాదు. 1997లో హైదరాబాదులో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ మన దేశంలో మొదటి రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో తయారయ్యే) హెపటైటిస్ బి టీకాను తెచ్చినప్పుడు డోసు యాభై రూపాయలకు అమ్మింది. అప్పటిదాకా దిగుమతి టీకా వందల్లో ఉండేది. ఒక తెలుగు సంస్థ అంత చౌకగా తెచ్చిన మందును తెలుగు ఫైర్‌మన్ వేసుకోకుండా సముద్రం దాటుతున్నాడంటే నాకు మాత్రం చిన్నతనంగా ఉంటుంది. దేశమంతటా పసిపిల్లల టీకాల జాబితాలో అది చేరింది 2011 నాటికి. ఇప్పుడు గల్ఫ్‌కు బయలుదేరే వయసువాళ్లలో చాలామంది అంతకు ముందు పుట్టినవాళ్లే.

తిరుపతిలో ఉన్నవాళ్ల పరిస్థితి కూడా దీనికి దూరమేమీ కాదు. ఘాట్ రోడ్డులో బండి బోల్తా పడినా, 2022 మార్చిలో భాకరాపేట కనుమలో నిశ్చితార్థానికి వెళ్తున్న బృందం బస్సు లోయలో పడ్డట్టు పడినా, చీకట్లో దిగి మనుషుల్ని పైకి చేర్చే చేతులకు గ్లౌజులు గుర్తుకు రావడం కష్టం. 2021 నవంబరు వరదల్లో నడుములోతు మురుగునీటిలో తిరిగినవాళ్లకైతే ఎ, ఇ రకాల భయం కూడా తోడవుతుంది. అక్కడి సిబ్బందిలో నాకు తెలిసిన ఒకాయన, “మాకు ఏప్రిల్‌లో వారోత్సవాలప్పుడు అందరూ దండలేస్తారబ్బా, సూది ఎవరూ వేయరు” అని నవ్వాడు.

ఈసారి సెలవులో డిప్లొమా చదివే కుర్రవాళ్లతో మాట్లాడినప్పుడు శ్రీకాళహస్తి అబ్బాయి ఒకడు, టీకా వేసుకుంటే మెడికల్‌లో పాజిటివ్ చూపిస్తుందంట కదన్నా అని అడిగాడు. ఈ పుకారు వెనుక పిసరంత నిజముంది. డోసు పడ్డాక సుమారు 18 రోజుల వరకు టీకాలోని పదార్థమే రక్తంలో కనిపించి, హెపటైటిస్ బి ఉందో లేదో చూసే సర్‌ఫేస్ యాంటిజెన్ పరీక్ష తాత్కాలికంగా పాజిటివ్ కావచ్చు. ఆ గడువు దాటితే కనిపించేది రక్షణ మాత్రమే, జబ్బు గుర్తు కాదు. అందువల్ల మెడికల్ తేదీకి ముందు నెల రోజుల్లో డోసు పడకుండా చూసుకుంటే చాలు. మొదటిది, నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది పడాలి కనుక డిప్లొమాలో చేరిన వారంలోనే మొదలుపెట్టడం సుఖం. దానికన్నా ముందు ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవాలి. అప్పటికే జబ్బు ఉన్నవాడికి టీకా పనిచేయదు. అలాంటివాడికి 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో మందులు ఉచితంగా అందుతాయి. మూడవ డోసు తర్వాత నెల రెండు నెలలకు రక్తంలో రక్షణ పదార్థం (యాంటీబాడీ) ఎంతుందో చూపించుకుని, అది 10 mIU/mLకి తగ్గకుండా ఉంటే ఆ రిపోర్టును పాస్‌పోర్టుతో పాటు దాచుకోవాలి. హెపటైటిస్ సికి టీకా లేదు గానీ, ఇప్పుడు మాత్రలతో మూడు నెలల్లో నూటికి తొంభై అయిదు మందికి పైగా నయమవుతుంది. అయితే నయమైనా యాంటీబాడీ నెత్తురులో ఉండిపోతుంది, అది మాత్రమే చూసే మెడికల్‌లో మనిషి మళ్లీ ‘అన్‌ఫిట్’ అవుతాడు. నయమైనట్టు చూపే వైరస్ పరీక్ష కాగితం ఉన్నా దాన్ని లెక్కలోకి తీసుకునే కౌంటరు నేనింకా చూడలేదు.