ప్రొజెక్షన్ టీవీ మన్నిక: సీమ ఎండ, దుమ్ము, కరెంటు

లోపల పుట్టిన చిన్న బొమ్మను అద్దంతో పెద్ద తెర మీదికి పంపే పాత ప్రొజెక్షన్ టీవీ ఇంట్లో ఉన్నవాళ్లూ, సెకండ్‌హ్యాండ్‌లో కొందామనుకునేవాళ్లూ ముందుగా అడిగేది "ఏ కంపెనీది గట్టిది?" అని. ఇప్పుడు ఆ ప్రశ్నతో పనిలేదు. వీటి తయారీ ఆపేస్తున్నామని సోనీ 2007 చివర్లోనే చెప్పేసింది. అందరికన్నా చివరిదాకా నిలబడిన మిత్సుబిషి కూడా 2012 చివర్లో వదిలేసింది. అంటే ఈరోజు నడుస్తున్న ప్రతి సెట్టూ పదేళ్లు దాటినదే. ఇక చూడాల్సినవి రెండు: లోపల ఏ రకం యంత్రం ఉంది, అది ఇన్ని ఎండాకాలాలు ఎలాంటి గదిలో గడిపింది. కర్నూలు, అనంతపురం, కడప ఊళ్లలో రెండోదే ఎక్కువ నిర్ణయిస్తుంది.

రకం తెలుసుకోవడం కష్టం కాదు. నలుగురు పడితే గానీ కదలని బీరువాలాంటి సెట్టయితే అది మూడు ట్యూబులది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు మూడు చిన్న పిక్చర్ ట్యూబులు, సాధారణంగా 7 అంగుళాలవి, కింద వరుసగా కూర్చుని బొమ్మను అద్దం మీదికి కొడతాయి. ఇద్దరు ఎత్తగలిగేదై, వెనకో పక్కనో లాంప్ మార్చే చిన్న తలుపు ఉంటే అది లాంప్ వెలుగును చిప్ మీదుగా తెరకు పంపే రకం, అంటే డీఎల్‌పీ గానీ ఎల్‌సీడీ గానీ ఎల్‌కాస్ గానీ అయ్యుంటుంది.

మూడు ట్యూబుల సెట్టుతో మొదలుపెడదాం. దీంట్లో మెకానిక్ దగ్గరికి ఎక్కువగా వచ్చేది కన్వర్జెన్స్ తేడా, అంటే మూడు రంగుల బొమ్మలు ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చోకపోవడం. మనిషి ముఖం పక్కన ఎర్రటి నీడ, అక్షరాల కింద నీలం గీత కనిపిస్తాయి. ఇక్కడ ఒక తేడా పట్టుకోవాలి. గీతలు నిటారుగానే ఉండి కాస్త పక్కకు జరిగితే అది సర్దుబాటుతో పోయేది. ఒక రంగు గీతలు మాత్రం విల్లులా వంగి అంచుల్లో బాగా దూరం పోతే ఆ బొమ్మలను సరిచేసే కన్వర్జెన్స్ ఐసీ (చిప్) పోయినట్టే. మెనూలో ఎంత తిప్పినా సరికాదు, తిప్పినకొద్దీ పాత లెక్కలు కూడా పోగొట్టుకుంటారు.

ఈ ఐసీలు ఎస్‌టీకే 392-110, 392-040, 394-160 లాంటి నంబర్లతో ఉంటాయి. మూడు రంగులకు అడ్డం, నిలువు కలిపి ఆరు ఛానళ్లు (సిగ్నల్ దారులు) కావాలి. ఒక్కో ఐసీలో మూడు ఛానళ్లు కాబట్టి సెట్టుకు రెండు ఐసీలు. అవి ఎప్పుడూ వేడిగా ఉంటాయి, వేడిని లాగే లోహపు దిమ్మె అయిన హీట్‌సింక్‌కూ వాటికీ మధ్య పేస్టు ఏళ్లు గడిచేసరికి ఎండి సున్నంలా రాలిపోతుంది. వేడి బయటికి పోక ఒకటి షార్ట్ అవుతుంది, దాంతోపాటు దాని పక్కనున్న తక్కువ ఓమ్‌ల రెసిస్టర్లు, సప్లయిలోని చిన్న ఫ్యూజులు తెగిపోతాయి. అందుకే ఒక్క ఐసీ మార్చి ఊరుకుంటే వారంలో సెట్టు మళ్లీ దుకాణానికి వస్తుంది. రెండూ కలిపి మార్చాలి. ఆ రెసిస్టర్లను మల్టీమీటర్‌తో ఒక్కొక్కటే కొలవాలి. బోర్డు మీద ఉండగా కొలత అనుమానంగా ఉంటే ఒక కాలు లేపి మళ్లీ కొలవాలి. పేస్టు పల్చగా పూయాలి, ముద్దగా పెడితే వేడి ఇంకా ఆగుతుంది. కొత్త ఐసీల స్క్రూలు ముందు హీట్‌సింక్‌కు బిగించి, ఆ తర్వాతే టంకం పెట్టాలి. ముందు టంకం పెట్టి తర్వాత బిగిస్తే కాళ్ల దగ్గర లాగుడు పడి కొన్నాళ్లకు చీలుతుంది.

అసలు చిక్కు ఐసీ దొరకడంలో ఉంది. మార్కెట్లో నకిలీ ఎస్‌టీకేలు కొల్లలు. అసలుదానికన్నా తేలిగ్గా ఉండటం, నంబరు అచ్చు వేలితో రుద్దితే చెరిగిపోవడం, వెనక లోహపు పలక ఎత్తుపల్లాలుగా ఉండటం వాటి గుర్తులు. అనంతపురం వాళ్లకు బెంగళూరు ఎస్పీ రోడ్డు, కడప వాళ్లకు చెన్నై రిచీ స్ట్రీట్, కర్నూలు వాళ్లకు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ దారి తెలిసినవే. ఎక్కడ కొన్నా పాత ఐసీ చేత్తో పట్టుకెళ్లి పక్కన పెట్టి చూసుకోండి. ఫోన్లో నంబరు చెప్పి పార్శిల్ తెప్పించుకునే సరుకు కాదిది.

ఐసీలు మార్చాక సెట్టును అరగంట నడవనిచ్చి, ట్యూబులు వేడెక్కాక కన్వర్జెన్స్ సర్దాలి. చల్లగా ఉన్నప్పుడు సర్దితే సాయంత్రానికి మళ్లీ జరుగుతుంది. మెకానిక్‌ల కోసం దాచి ఉంచిన సర్వీస్ మెనూలోకి వెళ్లేముందు ప్రతి పేజీ ఫొటో తీసి పెట్టుకోవడం తప్పనిసరి. లోపల చేయి పెట్టేవాళ్లు ఒకటి మరిచిపోవద్దు. ట్యూబు యానోడ్ మీద 30 వేల వోల్టుల దాకా ఉంటుంది, ప్లగ్ పీకినా కొంతసేపు నిలిచే ఉంటుంది. డిశ్చార్జ్ చేయడం రానివాళ్లు వెనక పలక విప్పకపోవడమే మంచిది.

రెండో జబ్బు కూలెంట్. ప్రతి ట్యూబు మూతికీ లెన్సుకూ మధ్య ఇథిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ కలిసిన ద్రవం ఉంటుంది. ట్యూబును చల్లబరచడమే కాదు, వెలుగు చెదరకుండా లెన్సులోకి పంపేదీ అదే. ఏళ్లు గడిస్తే అది మబ్బు పట్టినట్టవుతుంది, కొన్నిట్లో నాచులాంటిది పుడుతుంది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పెట్టి చూడండి. చుట్టూ పొగమంచులా వెలుగు పరుచుకుంటే కూలెంట్ మార్చే సమయం వచ్చినట్టు. కారు రేడియేటర్‌లో పోసేది పోయకూడదు. అందులో రంగు ఉంటుంది, తుప్పు పట్టకుండా కలిపే మందులుంటాయి. ఈ ద్రవం విషం, రుచి మాత్రం తీపి. పిల్లలూ కుక్కలూ తిరిగే చోట గిన్నెలో పోసి వదలొద్దు.

కూలెంట్ మబ్బు పట్టడం కన్నా కారడం ప్రమాదం. రబ్బరు సీలు ఎండిపోయి చుక్కచుక్కగా దిగి కింది బోర్డు మీద పడితే రాగి దారులు తినేస్తుంది, హై వోల్టేజ్ దగ్గర పడితే స్పార్క్ వస్తుంది. సెట్టు అడుగున జిడ్డు తడి కనిపించిన రోజే ఆపేసి చూపించాలి. ఈ సెట్లను ఇల్లు మారేటప్పుడు ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్లడం కూడా సీలుకు చేటే. నిలబెట్టే తీసుకెళ్లండి.

మూడోది తెర మీద మచ్చలా ముద్రపడిపోవడం. వార్తా ఛానల్ పొద్దస్తమానం పెట్టే ఇళ్లలో, హోటళ్లలో, కింద స్క్రోలింగ్ నడిచే పట్టీ ట్యూబు మీద అచ్చుపడుతుంది. దీనికి వైద్యం లేదు, ట్యూబు మార్చడమే. షోరూమ్‌లో మెరవాలని ఫ్యాక్టరీలో కాంట్రాస్ట్ చివరిదాకా పెట్టి పంపేవారు, దాన్ని సగానికి తగ్గించుకుంటే ట్యూబు ఆయుష్షు పెరుగుతుంది. గదిలో లైటు ఎక్కువుందని కాంట్రాస్ట్ పెంచే బదులు కిటికీకి తెర వేసుకోవడం చవక.

ఇక డీఎల్‌పీ. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ల్యారీ హార్న్‌బెక్ 1987లో కనిపెట్టిన చిప్ దీని గుండె. దాని మీద లక్షలాది సూక్ష్మ అద్దాలు ఒక్కొక్కటీ ఒక్కో చుక్కను చూపిస్తూ సెకనుకు వేలసార్లు వంగి లేస్తుంటాయి. ఫుల్ హెచ్‌డీ అని అమ్మిన చాలా సెట్లలో అద్దాలు 960 అడ్డం, 1080 నిలువు మాత్రమే. బొమ్మను కొద్దిగా కదిపి ఒక్కో అద్దంతో రెండేసి చుక్కలు గీయించారు. నాణ్యతకు ఇబ్బంది లేదు గానీ ఒక అద్దం ఇరుక్కుపోతే పాడయ్యేది రెండు చుక్కలు.

ఆ ఇరుక్కోవడమే తెల్ల చుక్కల జబ్బు. మొదట నల్లటి సీన్లో ఒకటో రెండో కనిపిస్తాయి, తర్వాత ఆకాశంలో చుక్కల్లా పెరిగిపోతాయి. ఒకసారి మొదలైతే ఆగదు. చిప్ వేడి దీన్ని త్వరపెడుతుంది. మార్చడం అనుకున్నంత కష్టమేమీ కాదు. చాలా సెట్లలో చిప్ సాకెట్‌లో కూర్చుని ఉంటుంది, టంకం ఉండదు. హీట్‌సింక్ విప్పి, లాక్ తిప్పి, పాతది తీసి కొత్తది పెట్టాలి. చేతికి ఎర్త్ పట్టీ కట్టుకోవాలి, చిప్ గాజుకు వేలు తగలకూడదు, వెనక పాత పేస్టు తుడిచి కొత్తది వేయాలి. చుక్కలు కాకుండా తెరలో సగం గీతలుగా చీలిపోతే మాత్రం చిప్ కొనకముందే బోర్డును అనుమానించాలి. "వాడినదే, టెస్ట్ చేశాం" అని అమ్మే చిప్‌లు కొనొద్దు, వాటి ఆయుష్షు ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేరు.

లాంప్ వెలుగుకు వరుసగా రంగులద్దే తిరిగే గాజు చక్రం, కలర్ వీల్, ఇంకో అరిగే వస్తువు. నిమిషానికి 7,200 చుట్లు, కొన్నిట్లో అంతకన్నా ఎక్కువే తిరుగుతుంది. బేరింగ్ అరిగితే ఆన్ చేయగానే సన్నటి ఈల వినిపిస్తుంది. మొదట్లో వేడెక్కాక తగ్గుతుంది, కొన్నాళ్లకు తగ్గదు. నూనె చుక్క వేస్తే పోతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఆ వేగానికి నూనె చిమ్మి రంగు గాజు మీదా లెన్సు మీదా పడుతుంది, ఉన్న చిత్రమూ పోతుంది. మొత్తం వీల్ మార్చాల్సిందే. వీల్ తిరగకపోతే చాలా సెట్లు లాంప్‌ను వెలిగించనే వెలిగించవు, కాబట్టి లాంప్ కొనకముందు ఇది చూసుకోండి.

లాంప్ సంగతి. కంపెనీలు 6,000 గంటలు అని రాశాయి. రోజుకు 5 గంటలు చూస్తే మూడేళ్ల పైచిలుకు. మన దగ్గర అంత రాదు, కారణం కరెంటు. లోపల పాదరసం ఆవిరి 200 బార్ల ఒత్తిడిలో ఉంటుంది. ఆపాక ఫ్యాన్ ఒకటి రెండు నిమిషాలు తిరిగి దాన్ని చల్లబరచాలి. వెలుగుతుండగా కరెంటు పోతే ఫ్యాన్ కూడా ఆగిపోతుంది, ఆ వేడంతా గాజు మీదే పడుతుంది. అంతలోనే కరెంటు వస్తే వేడి లాంప్‌ను వెలిగించడానికి దానికి కరెంటు పంపే బోర్డు, బ్యాలస్ట్, మళ్లీమళ్లీ వేల వోల్టులు కొడుతుంది, ఒక్కో దెబ్బకూ ఎలక్ట్రోడ్లు కొంత అరుగుతాయి. కరెంటు పోయి వస్తే ఐదు నిమిషాలు ఆగి ఆన్ చేయండి. ఈ సెట్లు తీసుకునేది 200 వాట్లకు అటూ ఇటూ కాబట్టి 1 కేవీఏ యూపీఎస్ హాయిగా సరిపోతుంది. ఇంటి ఇన్వర్టర్ మీదయితే సైన్‌వేవ్‌ది కావాలి, వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉండాలి. మామూలు మోడ్‌లో మారేలోపే సెట్టు ఆగిపోతుంది. పల్లెల్లో బోరు మోటర్లు నడిచే వేళ వోల్టేజ్ 180 కిందికి పడిపోతుంటే యూపీఎస్ మోడ్ బ్యాటరీని ఊరికే తాగేస్తుంది, అక్కడ ముందు ఒక స్టెబిలైజర్ పెట్టుకోక తప్పదు.

టిక్ టిక్ మని కొట్టే శబ్దం వస్తూ వెలగకపోతే ఎక్కువగా లాంప్‌దే తప్పు. ఏ శబ్దమూ లేకపోతే బ్యాలస్ట్, లేదా లాంప్ తలుపు కింద నొక్కుకునే చిన్న స్విచ్. ఆ తలుపు సరిగా బిగించక సెట్టు మొత్తం పోయిందనుకునేవాళ్లు చాలామంది. లాంప్ కొనేటప్పుడు పాత ప్లాస్టిక్ హౌసింగ్ ఉంచుకుని, ఫిలిప్స్ లేదా ఓస్రామ్ అసలు బల్బు మాత్రం తెచ్చి అందులో బిగించుకోవడం నయం. హౌసింగ్‌తో కలిపి చవగ్గా అమ్మేవాటిలో లోపలి బల్బు ఊరూపేరూ లేనిది. వాట్లు పాతదాని మీద రాసిన అంకెతో సరిపోవాలి. గాజును వట్టి చేత్తో ముట్టుకోవద్దు. పగిలితే కిటికీలు తెరిచి బయటికి వెళ్లండి, చీపురుతో ఊడ్చి చెత్తబండిలో వేసేది కాదది.

ఎల్‌సీడీ, ఎల్‌కాస్ సెట్ల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. సోనీ ఎస్‌ఎక్స్‌ఆర్‌డీ అన్నా, జేవీసీ డీ-ఐఎల్‌ఏ అన్నా ఎల్‌కాసే. బొమ్మ అందమైనది. కానీ తెరలో పసుపు, ఆకుపచ్చ, నీలం మరకలు పడితే వెలుగును నడిపించే ఆప్టికల్ బ్లాక్ లేదా అందులోని పోలరైజర్ అనే పలక కాలినట్టు. ఆ బ్లాక్ ఇప్పుడు కొత్తది దొరకదు, పాత సెట్టు నుంచి తీసినదానికీ అదే రోగం ఉంటుంది. దానికి డబ్బు పెట్టొద్దని నా మాట.

అన్ని రకాలకూ సమానంగా తగిలేది దుమ్ము. బేతంచెర్ల, తాడిపత్రి వైపు బండల పాలిష్ యూనిట్ల దగ్గరున్న ఇళ్లలో సెట్టు విప్పితే పిండి చల్లినట్టుంటుంది. ఆషాఢం గాలికి అనంతపురమంతా అదే వరస. గాలి లోపలికి వెళ్లే ఫిల్టర్ మూసుకుపోతే ఫ్యాన్ తిరిగినా లాభం లేదు. మూడు నెలలకోసారి ఫిల్టర్ తీసి బ్లోయర్‌తో ఊదండి, ఆషాఢం దాటగానే ఇంకోసారి. ఫ్యాన్ మార్చేటప్పుడు మూడు తీగలదే తెండి. మూడో తీగ ద్వారా సెట్టు ఫ్యాన్ వేగం చూసుకుంటుంది, రెండు తీగలది పెడితే ఫ్యాన్ తిరుగుతున్నా సెట్టు ఆగిపోతుంది. గోడలో గ్రానైట్ గూడు కట్టించి అందులో బిగించి పెట్టినవాళ్లు వెనకా పక్కలా కనీసం నాలుగు అంగుళాలు వదలాలి. ఎయిర్ కూలర్ గాలి సెట్టుకు సూటిగా తగలనివ్వొద్దు, తేమకు దుమ్ము బురదై అద్దాల మీద అంటుకుంటుంది, ఉప్పునీళ్ల ఊళ్లలో తెల్లటి పొర అదనం. వెనక కన్నాలకు సన్నటి జాలీ కట్టండి. బల్లి దూరి బోర్డు మీద చచ్చి షార్ట్ చేసిన సెట్లు తక్కువేం కాదు.

లోపలి పెద్ద అద్దానికి మెరిసే పూత ముందువైపే ఉంటుంది. మన ఇంటి అద్దంలా తుడిస్తే పూత గీసుకుపోతుంది. మెత్తని బ్రష్‌తో దులిపి, ఇంకా అవసరమైతే డిస్టిల్డ్ వాటర్ చిలకరించిన మైక్రోఫైబర్ గుడ్డతో, అదిమిపెట్టకుండా. గాజు తుడిచే నీలం మందు దగ్గరికి రానివ్వొద్దు.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు సెట్టు చల్లగా ఉండగా వెళ్లండి, ముందే వేడెక్కించి పెట్టిన సెట్టులో వీల్ ఈల వినిపించదు. నల్ల తెర పెట్టి చుక్కలు చూడండి, బూడిద రంగు పెట్టి మరకలు చూడండి, తెల్ల తెర మీద ముద్రలు చూడండి. తర్వాత రెండు గంటలు నడిపించమనండి. లాంప్ గంటలు సర్వీస్ మెనూలో ఉంటాయి, అయితే అవి చెరిపి సున్నా చేయడం చాలా సులువు, పూర్తిగా నమ్మకండి. సెట్‌టాప్ బాక్స్‌కు హెచ్‌డీఎంఐ లేని సెట్టయితే ఏవీ పిన్నులున్న బాక్స్ వెతుక్కోవాలి.

బాగుకాని సెట్టును విప్పి సామాన్లు తీసేవాళ్లకు ఒక మాట. తెర వెనక ఉన్న ఫ్రెనెల్ పలక పెద్ద భూతద్దం. దాన్ని మేడ మీద ఎండకు ఆనించి వదిలేస్తే మే నెల సీమ ఎండకు ఎదురుగా ఉన్న కట్టెకో గుడ్డకో నిమిషాల్లో నిప్పంటుకుంటుంది. దుప్పటి చుట్టి, నీడలో, గోడవైపు తిప్పి పెట్టండి.