కుండీలో కలిసిపోయిన వేర్లను విడదీయడం: నా అనుభవం

ఆఖరి కుండీ కూడా కడగడం అయిపోయింది, హమ్మయ్య. మొక్కజొన్న, అలసంద పక్కపక్కన పెరిగితే మట్టి కింద కొట్లాడుకుంటాయా, సాయం చేసుకుంటాయా అన్నది నా ప్రాజెక్టు. విత్తడం, నీళ్లు పెట్టడం, పైభాగం కోసి తూచడం ఎవరైనా చేస్తారు. కొన్ని కుండీల్లో మధ్యన ప్లాస్టిక్ అడ్డు పెట్టాను, కొన్నింట్లో వేరు దూరని సన్న నైలాన్ వల, కొన్నింట్లో అడ్డే లేదు.

ప్రాణం తీసినవి ఆ అడ్డు లేనివే. మట్టిగడ్డను రాత్రంతా నానబెట్టి, అర మిల్లీమీటరు జల్లెడ మీద సన్న ధారతో కడిగితే మిగిలేది ఒకటే చిక్కు. లావు వేర్లు తేలిగ్గా తెలిసిపోతాయి. అలసందకి తల్లివేరు, బుడిపెలు ఉంటాయి. బుడిపెను గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు కనబడిందంటే గాలిలోని నత్రజనిని పట్టే పని జరుగుతున్నట్టే. మొక్కజొన్నవి పీచు వేర్లు. వెంట్రుకల్లాంటి సన్న వేర్ల దగ్గరే టెన్షన్ అంతా. తెల్ల ట్రేలో నీళ్లు పోసి తేలనిచ్చి, ఒక్కోదాన్నీ లావు వేరు దాకా వెతుక్కుంటూ పోవాలి. లాగామా, తెగుతుంది. తెగిన ముక్క ఏ మొక్కదో ఇక తేలదు.

సరిగ్గా అప్పుడే ల్యాబ్ చూసే ఆయన వచ్చి, "ఈ గడ్డికోసం సింకు పూడ్చేస్తారా? అన్నీ కలిపి ఎండబెట్టి తూచెయ్యండి" అన్నారు, అందరి ముందూ. ఒళ్లు మండిపోయింది. కలిపి తూస్తే ఏది దేని చోట్లోకి చొరబడిందో ఎలా తెలుస్తుంది? 2001లో గెర్సానీ అనే పరిశోధకుడి బృందం సోయాబీన్‌లో చూపించింది అదే కదా: మట్టిని పంచుకోవాల్సి వస్తే మొక్క వేర్లు ఎక్కువ వేస్తుంది, గింజ తగ్గుతుంది. ఒక్కో మొక్కకు అందే మట్టి కూడా మారిపోయిందని దాని మీద తర్వాత విమర్శ వచ్చింది. అందుకే మట్టి వాటా మారకుండా పోల్చడానికి నేను ఒకే జాతి మొక్కలు రెండేసి పెట్టిన కుండీలు కూడా వేశాను. మీరూ వెయ్యండి, వాదనకి బలం ఉంటుంది.

పోటీ, సాయం రెండూ ఒకే కుండీలో ఉండొచ్చు. మట్టిలోని నత్రజనిని మొక్కజొన్న లాగేసుకుంటుంది, అలసంద గాలి నత్రజని మీద ఎక్కువగా ఆధారపడాల్సి వస్తుంది. అదే సమయంలో పప్పుజాతి వేర్లు వదిలే ఆమ్లాలకు మట్టిలో బిగిసిన భాస్వరం కరిగి, పక్కనున్న మొక్కజొన్నకీ అందుతుంది. ఫాబా బీన్ అనే పప్పుజాతి మొక్క, మొక్కజొన్న జంటలో దీన్ని 2007లో చైనా పరిశోధకులు చూపారు.

వేరుచేసిన వేర్లు ఇప్పుడు ఓవెన్‌లో 70 డిగ్రీల దగ్గర ఉన్నాయి, ఏ మొక్కవి ఆ కవర్లో. బరువు ఇక తగ్గడం ఆగాక తూచాలి. ఒకే రోజు విడదీయలేకపోతే కడిగిన వేర్లను ఆల్కహాలు కలిపిన నీళ్లలో ఫ్రిజ్‌లో పెట్టండి, సింకు కింద మట్టి పట్టే బకెట్ కూడా మీదే తెచ్చుకోండి.