పార్థియా వెండి నాణేలు: రాజులందరి పేరూ అర్సకీసే

నా మొదటి పార్థియా (పాతకాలపు ఇరాన్ రాజ్యం) నాణెం కవరు మీద "రెండో మిత్రిడేటిస్" అని ఉండేది. అమ్మినాయన రాసిచ్చింది. నేనూ నమ్మి రెండేళ్లు అలాగే దాచుకున్నాను. ఓ రాత్రి తీరిగ్గా భూతద్దం కింద పెట్టి చూస్తుంటే రాజుగారి నొసటి మీద చిన్న బుడిపె కనిపించింది. మట్టి గడ్డకట్టిందేమో అనుకున్నాను, కాదు, అది పులిపిరి, అచ్చు చెక్కినవాడు చూసి చూసి చెక్కిన పులిపిరి. తల పక్కన నెలవంక, నక్షత్రం. తిప్పితే విలుకాడి వెనక లంగరు గుర్తు. అంటే ఈయన రెండో ఒరోడీస్! క్రీ.పూ. 53లో కర్రె దగ్గర రోమన్ సేనాని క్రాసస్ సైన్యం తుడిచిపెట్టుకుపోయినప్పుడు పార్థియా గద్దె మీదున్న రాజు.

ఈ నాణేల్లో ఇలాంటి పొరపాటు తేలిగ్గా జరుగుతుంది, ఎందుకంటే ఆ రాజుల్లో చాలామంది సొంత పేరు వేసుకోలేదు. వంశానికి మూలపురుషుడైన అర్సకీస్ పేరే అందరికీ బిరుదైపోయింది. బొరుసు వైపు విల్లు పట్టుకుని కూర్చున్న విలుకాడు, చుట్టూ చదరంగా గ్రీకు అక్షరాలు: రాజాధిరాజు, అర్సకీస్, ఉపకారి, న్యాయవంతుడు, ప్రత్యక్ష దైవం, గ్రీకుల మిత్రుడు. తండ్రి పోయి కొడుకొచ్చినా అదే బిరుదావళి. క్రీ.పూ. 247 నుంచి క్రీ.శ. 224 దాకా సాగిన రాజ్యంలో ఎవరెవరో తేల్చాలంటే ముఖమే దిక్కు. గడ్డం ఎంత పొడుగు, తలకి పట్టీ కట్టారా కిరీటం పెట్టారా, వెనక డేగ ఉందా (ఉంటే నాలుగో ఫ్రాటీస్ కావచ్చు), ఇవన్నీ చూడాలి. డేవిడ్ సెల్‌వుడ్ 1971లో వీటికి వరసగా నంబర్లు వేసి పుస్తకం తెచ్చాడు కాబట్టి మనకి పని కొంత సులువైంది. ఇప్పటికీ నాణేలు సేకరించేవాళ్లు ఆ నంబర్లతోనే మాట్లాడుకుంటారు. నాది 48.

డ్రాక్మా అంటే దాదాపు 4 గ్రాముల వెండి నాణెం, బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దది. విల్లు కింద, అక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిపి చెక్కిన చిన్న ముద్ర టంకశాల గుర్తు. ఎక్కువగా దొరికేవి ఎక్బటానావి, అంటే ఇప్పటి ఇరాన్‌లోని హమదాన్. పెద్దవైన టెట్రాడ్రాక్మాలు టైగ్రిస్ ఒడ్డున సెల్యూసియాలో కొట్టారు. వాటి మీద సంవత్సరం, ఒక్కోసారి నెల కూడా ఉంటుంది కానీ రానురాను వాటిలో వెండి బాగా తగ్గిపోయింది.

చివరి కాలం డ్రాక్మాలని చాలామంది పట్టించుకోరు, గ్రీకు అక్షరాలు ఉత్త గీతలైపోయాయని. నాకు మాత్రం అవంటే ప్రాణం. గ్రీకు చదవడం రాని చేతులు తాతల నాటి అక్షరాలని చూసి దించుతూ పోయాయి, అదే సమయంలో వాళ్ల సొంత పార్థియన్ లిపి నాణెం మీదికొచ్చింది. నాలుగో మిత్రిడేటిస్ డ్రాక్మా మీద పై వరసలో ఆయన పేరు ఆ లిపిలోనే ఉంటుంది.

కొనేముందు అంచు చూడండి. సమ్మెట దెబ్బతో కొట్టిన నాణేనికి అంచు చుట్టూ అతుకు గీత ఉండదు. పోత పోసిన నకిలీకి అది గానీ, పైన సూది గుచ్చినట్టు చిన్న గుంటలు గానీ ఉండొచ్చు. తూకం తప్పనిసరి. ఎక్కడి నుంచి వచ్చిందో, పాత రసీదులు ఉన్నాయో లేదో అడగండి, నోరు విప్పని అమ్మకందారు దగ్గర ఎంత అందమైనదైనా నేను కొనను. తవ్వుకొచ్చిన దొంగసొత్తు మన చేతికి రాకూడదు. ఇంకొకటి, నల్లబడిందని తోమొద్దు.

నాకింకా దొరకనిది మూసా రాణి డ్రాక్మా. రోమన్ చక్రవర్తి అగస్టస్ నాలుగో ఫ్రాటీస్‌కి కానుకగా పంపిన ఇటలీ దాసి ఆమె. కొడుకు రాజయ్యాక విలుకాడిని తీసేసి బొరుసు మీద ఆమె ముఖమే వేశారు, పేరుతో సహా.

ఒరోడీస్ కవరు మార్చేశాను. పాత చీటీ కూడా లోపలే ఉంచి, పైన కొత్త పేరు, 48, బరువు రాసి పెట్టాను.