ముందు కంపెనీ, ఆ తర్వాతే వీసా

వేరే దేశంలో ఉంటూ ఇప్పుడున్న రిమోట్ ఉద్యోగమే చేసుకోవాలనుకునే వాళ్లు మొట్టమొదట వెతికేది వీసా గురించి. నిజానికి మొత్తం వ్యవహారంలో తేలికైనది అదే. ఎస్తోనియా 2020లో, క్రొయేషియా 2021లో, పోర్చుగల్ 2022లో, స్పెయిన్ 2023లో, థాయ్‌లాండ్ 2024లో ఇలాంటి వాళ్ల కోసమే ప్రత్యేక వీసాలు, పర్మిట్లు తెచ్చాయి. వీటినే డిజిటల్ నోమాడ్ వీసాలంటారు. ఏ కాగితాలు కావాలో, ఎంత ఆదాయం చూపాలో రాసిపెట్టి ఉంటుంది. చిక్కంతా మీ కంపెనీ పేరోల్ దగ్గర, పన్నుల దగ్గర.

ఆఫర్ లెటర్‌లో 'రిమోట్' అని ఉంటే, చాలా కంపెనీల లెక్కలో దాని అర్థం జీతం ఇస్తున్న దేశంలో ఎక్కడినుంచైనా అని మాత్రమే. సరిహద్దు దాటితే కంపెనీకి కొత్త బాధ్యతలు మొదలవుతాయి. అక్కడి కార్మిక చట్టం వర్తించవచ్చు, అక్కడి సోషల్ సెక్యూరిటీకి (పెన్షన్, వైద్యం లాంటి వాటి కోసం ప్రభుత్వం నడిపే నిధికి) డబ్బు కట్టాల్సి రావచ్చు. మీరు అక్కడ కూర్చుని కంపెనీ తరఫున ఒప్పందాలు కుదురుస్తుంటే, కంపెనీకే అక్కడ ఒక శాఖ ఉన్నట్టు పన్ను అధికారులు లెక్కగట్టే ప్రమాదమూ ఉంది. సేల్స్ వాళ్లకు అనుమతి దొరకడం డెవలపర్లకంటే కష్టం కావడానికి కారణం ఇదే.

మేనేజర్ "పర్లేదు, వెళ్లు" అంటే చాలదు. హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి: ఏ దేశం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, జీతం ఏ కరెన్సీలో, సోషల్ సెక్యూరిటీ ఏ దేశంలో, కంపెనీ ల్యాప్‌టాప్ దేశం దాటించవచ్చా లేదా. సొంత దేశంలోని ఇంట్లో రూటర్ పెట్టి, ఇంకా అక్కడే ఉన్నట్టు వీపీఎన్‌తో నడిపించేద్దామనే ఆలోచన మానుకోండి. వీపీఎన్ ఒక్క నిమిషం తెగినా మీరున్న చోటు చెప్పే అసలు ఐపీ అడ్రస్ సెక్యూరిటీ టీమ్ లాగ్‌లో పడుతుంది, ఫోన్‌లోని అథెంటికేటర్ యాప్ లొకేషన్ చెప్పేయవచ్చు. దొరికితే పోయేది ఉద్యోగం, దొరక్కపోయినా పన్ను సమస్య అలాగే ఉంటుంది.

కంపెనీ కాదంటే రెండు దారులు. ఒకటి ఈఓఆర్ (ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్): ఆ దేశంలోని ఒక సంస్థ కాగితాల మీద మీ యజమాని అవుతుంది, పని మాత్రం పాత కంపెనీకే. ఇందులో చాలామందికి తట్టని మెలిక ఒకటుంది. డిజిటల్ నోమాడ్ వీసాలు సాధారణంగా యజమాని విదేశంలో ఉండాలంటాయి. ఈఓఆర్‌లో చేరితే మీరు స్థానిక ఉద్యోగి అవుతారు, కాబట్టి ఆ వీసా కుదరదు, వర్క్ పర్మిట్ కావాలి. దాన్ని స్పాన్సర్ చేయడానికి ప్రతి ఈఓఆర్ ముందుకు రాదు. రెండోది కాంట్రాక్టర్‌గా మారడం. సెలవులు, నోటీసు పీరియడ్, సోషల్ సెక్యూరిటీకి యజమాని కట్టే వాటా పోతాయి, అందుకు తగ్గట్టు రేటు పెంచి అడగాలి. ఒక్క క్లయింటే ఉండి, పనిగంటలు కూడా వాళ్లే నిర్ణయిస్తుంటే, చాలా దేశాల అధికారులు ఇది ఉద్యోగమే అని తేల్చి కంపెనీ నుంచి పాత బకాయిలు వసూలు చేస్తారు.

ఇక పన్ను. '183 రోజుల లోపైతే పన్ను లేదు' అనేది సగం నిజం. రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందం ఉంటే, సాధారణంగా మూడు షరతులు కలిసి నెరవేరాలి: అక్కడున్నది 183 రోజులు దాటకూడదు, జీతమిచ్చే యజమాని అక్కడి నివాసి కాకూడదు, ఆ జీతం ఖర్చు అక్కడున్న శాఖ మీద పడకూడదు. ఒక్కటి తప్పినా ఆ మినహాయింపు ఉండదు. పైగా అక్కడ శాశ్వతంగా ఇల్లు, కుటుంబం ఉంటే 183 రోజులకు ముందే పన్ను నివాసిగా లెక్కించే దేశాలున్నాయి. క్రొయేషియా నోమాడ్ పర్మిట్ మీద వచ్చిన వాళ్ల రిమోట్ జీతానికి పన్ను మినహాయిస్తుంది. స్పెయిన్‌లో అర్హత ఉంటే 6,00,000 యూరోల దాకా 24 శాతం చొప్పున కట్టే పద్ధతి ఎంచుకోవచ్చు, కానీ దానికి ఆరు నెలల గడువుంది. అది దాటితే మామూలు శ్లాబులే.

స్పెయిన్ దరఖాస్తులు తరచుగా ఇరుక్కునేది ఆదాయం దగ్గర కాదు, సోషల్ సెక్యూరిటీ దగ్గర. మీ దేశానికి స్పెయిన్‌తో ఒప్పందం ఉండి, కవరేజ్ సర్టిఫికెట్ (మీ దేశంలోనే సోషల్ సెక్యూరిటీ కడుతున్నట్టు చూపే పత్రం) తేగలిగితే సరే. లేదంటే కంపెనీయే స్పెయిన్‌లో నమోదు కావాలి. ఒక్క ఉద్యోగి కోసం ఆ పని చేసే కంపెనీలు తక్కువ.

వీసాకు చూపాల్సిన కనీస ఆదాయ పరిమితిని అంచున తాకి ఊరుకోవద్దు. పోర్చుగల్ కనీస వేతనానికి నాలుగు రెట్లు అడుగుతుంది, స్పెయిన్ రెండు రెట్లు. కనీస వేతనం పెరిగినప్పుడల్లా పరిమితీ పెరుగుతుంది. మీ జీతం వేరే కరెన్సీలో ఉంటే మారకం రేటు ఇంకో దెబ్బ. కనీసం 20 శాతం మార్జిన్ లేకుండా దరఖాస్తు పెట్టడం నా దృష్టిలో తొందరపాటే.

రోజువారీ సంగతుల్లో టైమ్‌జోన్‌ది మొదటి స్థానం. టీమ్ పనివేళలతో మీ పనివేళలు మూడు నాలుగు గంటలు కలిస్తే పని నడుస్తుంది. తొమ్మిది పది గంటల తేడా ఉంటే రాత్రిళ్లు మేలుకోవాలి, కొత్త దేశాన్ని పగటి నిద్రలో గడపాలి. అమెరికా మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు జరుపుతుంది, యూరప్ అదే నెల చివరి ఆదివారం. మధ్యలోని రెండు మూడు వారాలు మీటింగులన్నీ గంట అటూ ఇటూ అవుతాయి. ఇంటర్నెట్ వేగం ఎంతున్నా దూరం పోదు: ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు వెళ్తుంది కాబట్టి, 10,000 కిలోమీటర్ల దూరంలోని సర్వర్‌కు వెళ్లి రావడానికే కనీసం 100 మిల్లీసెకన్లు. వీడియో కాల్‌కు ఇది ఫర్వాలేదు, రిమోట్ డెస్క్‌టాప్‌లో మాత్రం చిరాకు పుట్టిస్తుంది. ఇల్లు ఖాయం చేసే ముందు అప్‌లోడ్ వేగం అడగండి, వేరే నెట్‌వర్క్ సిమ్ ఒకటి బ్యాకప్‌గా ఉంచండి. బ్యాంకు ఓటీపీలు వచ్చే పాత నంబరు రోమింగ్‌లో బతికుండేలా బయల్దేరే ముందే చూసుకోండి.

ఏడాది రెండేళ్లు ఉండి చూడ్డానికి రిమోట్ వర్క్ మంచి దారి. స్థిరపడాలంటే మాత్రం దేశాన్ని బట్టి లెక్క మారుతుంది. జపాన్ నోమాడ్ వీసా ఆరు నెలలే, పొడిగింపు లేదు. థాయ్‌లాండ్ వీసా ఐదేళ్లదైనా ఒక్కో రాకకు 180 రోజులు, శాశ్వత నివాసం వైపు అది తీసుకెళ్లదు. స్పెయిన్ పర్మిట్ మీద ఉన్న సంవత్సరాలు దీర్ఘకాల నివాసానికి లెక్కకొస్తాయి. అక్కడే ఉండిపోవాలన్నది ముందే తెలిసిన కోరికైతే, నోమాడ్ వీసాకంటే స్థానిక ఉద్యోగం, మామూలు వర్క్ పర్మిట్ మేలు.

ఉద్యోగం పోతే వీసాకు ఆధారమే పోతుంది. కొత్త క్లయింట్‌ను చూపి కొనసాగవచ్చా, ఎన్ని రోజుల్లో అధికారులకు తెలియజేయాలి అన్నవి దరఖాస్తు పెట్టకముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడిగి రాసుకోండి. ఆరు నెలల ఖర్చు, తిరుగు టికెట్ డబ్బు అద్దె డిపాజిట్‌తో కలపకుండా విడి ఖాతాలో ఉంచండి. చాలాచోట్ల ఇల్లు ఖాళీ చేసిన వెంటనే డిపాజిట్ చేతికి రాదు.