పంచనామాలో లేని వాక్యం

2025 నవంబరు 11న సుప్రీంకోర్టు నోయిడా నిఠారీ పిల్లల హత్యల్లో నిందితుడైన సురేందర్ కోలీని మిగిలి ఉన్న చివరి కేసులో కూడా నిర్దోషిగా తేల్చి విడుదల చేయమన్నదని చదివినప్పుడు, నాకు ముందుగా గుర్తుకు వచ్చింది నోయిడా కాదు, కర్నూలు దగ్గర కేసీ కాలువ గట్టు మీది కంపచెట్లు. గ్రామ రెవెన్యూ అధికారిగా పనిచేసినన్నాళ్ళూ శిస్తులు, అడంగళ్ళు, పాసుపుస్తకాలతో పాటు నా మీద పడిన పని ఇంకొకటి ఉంది. పోలీసులు ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్ళి పంచనామాల మీద మధ్యవర్తిగా, అంటే దగ్గరుండి చూసిన సాక్షిగా, సంతకం పెట్టాలి. ఊళ్ళోవాళ్ళను పెడితే రేపు కోర్టులో అడ్డం తిరుగుతారని, ప్రభుత్వ ఉద్యోగి అయితే తిరగడని వాళ్ళ నమ్మకం. ఆ సంతకాలు పెట్టినవాడిగానే నేను నిఠారీ తీర్పులను చదివాను.

2006 డిసెంబరు 29న నోయిడా సెక్టారు 31లోని డి-5 అనే ఇంటి వెనక మురికి కాలువలో పిల్లల పుర్రెలు, ఎముకలు బయటపడ్డాయి. ఇంటి యజమాని మోనిందర్ సింగ్ పంధేర్, పనివాడు కోలీ అరెస్టయ్యారు. కొన్ని రోజులకే కేసు సీబీఐ చేతికి పోయింది. పదహారు కేసుల్లో చార్జిషీట్లు వేశారు, కింది కోర్టు ఒకదాని తర్వాత ఒకటిగా ఉరిశిక్షలు వేస్తూ పోయింది, 2014 సెప్టెంబరులో కోలీని ఉరి తీయడానికి మీరట్ జైలుకు కూడా చేర్చారు, అర్ధరాత్రి దాటాక సుప్రీంకోర్టు ఆపకపోతే ఆ కథ అక్కడితో ముగిసేది. 2023 అక్టోబరు 16న అలహాబాద్ హైకోర్టు పన్నెండు కేసుల్లో కోలీని, రెండు కేసుల్లో పంధేర్‌ను నిర్దోషులని తేల్చింది. 2025 జులైలో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. నవంబరులో ఆఖరి కేసు కూడా పోయింది. అంటే అన్ని ఎముకలు దొరికిన తర్వాత, పంతొమ్మిదేళ్ళకు, ఆ పిల్లలను చంపింది ఎవరన్న ప్రశ్నకు చట్టం దగ్గర జవాబు లేదు.

ఈ వార్తను "హంతకుడు తప్పించుకున్నాడు" అని చదివినవారు ఉన్నారు, "అమాయకుడు పంతొమ్మిదేళ్ళు మగ్గాడు" అని చదివినవారూ ఉన్నారు. తీర్పు తర్వాత చట్టం ముందు కోలీ, పంధేర్ ఇద్దరూ నిర్దోషులే, దానికి భిన్నంగా రాసే హక్కు నాకు లేదు. అయితే పిల్లలు చనిపోయారు, ఎవరో చంపారు. ఆ ఎవరో ఇక ఎప్పటికీ బోనులోకి రాడు. అతన్ని తప్పించింది అతని తెలివి కాదన్నది తీర్పు చదివిన నాకు కలిగిన అభిప్రాయం.

మొదటి తప్పు ఎముకలు దొరకడానికి చాలా ముందే జరిగింది. నిఠారీలో పిల్లలను పోగొట్టుకున్నవాళ్ళలో చాలామంది బెంగాల్, బీహార్ వంటి చోట్ల నుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చిన కూలీలు. పిల్లలు కనబడటం లేదని వాళ్ళు స్టేషనుకు పోతే, ఎవరితోనో వెళ్ళిపోయి ఉంటుంది, వస్తుందిలే అని తిప్పి పంపేవారు. ఈ ముక్క చదివినప్పుడు నా కళ్ళ ముందు కోసిగి, ఆదోని వైపు జనం కనిపించారు. పంట లేని కాలంలో ఇంటికి తాళం వేసి పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి సుగ్గికి పోయేవాళ్ళు వాళ్ళు. అక్కడి స్టేషనులో వాళ్ళకు ఊరు లేదు, ఇక్కడి స్టేషనులో వాళ్ళు కనబడరు. బిడ్డ తప్పిపోతే ఏ గడప తొక్కాలి? తప్పిపోయిన పిల్లల ఫిర్యాదు వస్తే ఎత్తుకుపోయినట్టుగానే భావించి ఎఫ్ఐఆర్ కట్టాలని సుప్రీంకోర్టు 2013 మే నెలలో చెప్పింది, అదే ఏడాది నవంబరులో లలితా కుమారి కేసులో కాగ్నిజబుల్ నేరం, అంటే పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరం, ఏదైనా ఎఫ్ఐఆర్ తప్పనిసరని రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. నిఠారీ పిల్లలకు ఆ రెండూ ఆలస్యంగా వచ్చిన మాటలు. మొదటి ఫిర్యాదు దగ్గరే కాగితం పడి ఉంటే, ఏ వీధిలో, ఏ మలుపు దగ్గర పిల్లలు మాయమవుతున్నారో గుర్తించడానికి డిటెక్టివ్ అక్కరలేదు, ఊరి పటం, ఒక పెన్సిలు చాలు.

రెండవ తప్పు నాకు బాగా తెలిసినది, నా చేతికి అంటినది. పోలీసుల ముందు నిందితుడు ఒప్పుకున్నది సాక్ష్యం కాదు. కానీ అతను చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే, దొరకడానికి కారణమైన ఆ మాట వరకు పనికివస్తుంది. పాత సాక్ష్య చట్టంలో అది 27వ సెక్షను, కొత్త చట్టంలో 23. ఇందులో ప్రాణమంతా వరుసలో ఉంది: ముందు మాట, దాన్ని మధ్యవర్తుల ముందు రాయడం, ఆ తర్వాత అతను దారి చూపడం, ఆ తర్వాతే వస్తువు. నిఠారీలో కోలీ చెప్పాడన్న ఆ మాటను అప్పటికప్పుడు రాసిన కాగితమే లేదని హైకోర్టు గుర్తించింది. ఎముకలు దొరికింది ఇంటి లోపల కాదు, గోడకు అవతల ఉన్న కాలువలో. అక్కడ ఏముందో అప్పటికే జనానికీ పోలీసులకూ తెలుసు. పైగా మొదట ఇద్దరూ కలిసి చూపించారన్న కథ, పోను పోను కోలీ ఒక్కడే చూపించాడన్న కథగా మారింది.

మా కాలువ గట్టు సంగతి చెప్తాను. ఒక హత్య కేసులో నన్ను రమ్మన్నారు. ఏ స్టేషనో ఎందుకు గానీ, నేను మోటారు సైకిలు దిగేటప్పటికి కత్తి తువ్వాలు గుడ్డ మీద పెట్టి ఉంది. పిడికి నీలం రంగు టేపు చుట్టి ఉంది, దాని చివర ఊడి గాలికి కదులుతోంది. నిందితుడు జీపులో వెనక సీటు మీద తల వంచుకొని కూర్చున్నాడు. పంచనామాలో మాత్రం అతను మమ్మల్ని వెంటబెట్టుకొని పోయి, కంపచెట్ల మొదట్లో దాచిన కత్తిని తన చేత్తో తీసి ఇచ్చినట్టు రాసి ఉంది. చదివాను. సంతకం పెట్టాను. రెండున్నరేళ్ళ తర్వాత కోర్టులో డిఫెన్సు వకీలు ఒకే ప్రశ్న అడిగాడు, మీరు పోయేసరికి నిందితుడు ఎక్కడ ఉన్నాడు అని. ప్రమాణం చేసి నిలబడినవాడిని, జీపులో ఉన్నాడని చెప్పాను. కేసు కొట్టేశారు.

బయట వేపచెట్టు కింద చనిపోయినవాడి తల్లి నన్ను ఆపి, "సంతకం పెట్టింది నువ్వేనంట గదా సామీ, మరి నా కొడుకును చంపిందెవరు?" అంది. ఆమె కోపంగా అనలేదు, నాకు తెలిసి ఉంటుందేమోనని అడిగింది. జీపులో కూర్చున్నవాడే చంపి ఉండవచ్చు, చంపకపోయి ఉండవచ్చు. ఆ రోజు ఎస్ఐ గారు అరగంట ఆగి ఉంటే, మేము వచ్చాక అతని చేత మాట చెప్పించి, రాయించి, ఆ తర్వాత కంపలోకి నడిపించి ఉంటే, ఈ రెండింటిలో ఏది నిజమో తేలే దారి ఒకటి ఉండేది. తప్పు ఆయన ఒక్కడిదే అనను, రాసిన అబద్ధం కింద ఉన్నది నా సంతకమే.

అందుకే నిఠారీ తీర్పులో నన్ను ఎక్కువగా పట్టుకున్నవి పెద్ద పెద్ద ఆరోపణలు కావు, ఇలాంటి చిన్న ఖాళీలే. అరవై రోజుల దాకా పోలీసు కస్టడీలో ఉంచి, సరైన వైద్య పరీక్ష లేకుండా, వకీలు సాయం లేకుండా ఉన్న మనిషి చేత మేజిస్ట్రేటు ముందు నేరాంగీకారం రికార్డు చేయించారు. ఇంట్లోనే చంపి, ముక్కలు చేశాడన్నప్పుడు ఆ ఇంట్లో అంత నెత్తురు ఆనవాళ్ళు దొరకాలి కదా, ఆ కథకు తగినట్టు దొరకలేదు. అవయవాల వ్యాపారం కోణంలో లోతుగా చూడమని కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ వేసిన కమిటీ సూచించినా, అటువైపు తగినంతగా చూడలేదని హైకోర్టు తప్పుపట్టింది. చేతికి దొరికిన పేద పనివాడిని రాక్షసుడిగా నిలబెట్టడం దర్యాప్తులో సులువైన దారి అయిందన్న భావం కూడా ఆ తీర్పులో ఉంది. నేను ఒక మాట కలుపుతాను. టీవీలు అతన్ని నరమాంస భక్షకుడని రోజూ అరుస్తుంటే, కాగితాలు సరిగా ఉన్నాయా అని అడగాలని అప్పుడు ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

మన రాష్ట్రంలోనే, ఏలూరులో, దీనికి ఇంకో ముఖం కనిపించింది. ప్రసాదంలో విషం కలిపి ఇరవై నెలల్లో పదిమందిని చంపాడంటూ ఒక మనిషిని 2019 నవంబరులో పోలీసులు అరెస్టు చేశారు. అందులో చాలా మరణాలను అప్పట్లో గుండెపోటు అనుకొని పోస్టుమార్టం లేకుండానే దహనం, ఖననం చేసేశారు. చివరికి అనుమానం పుట్టింది ఇంట్లోవాళ్ళకు, బంగారం, డబ్బు కనబడకపోవడం వల్ల. శవ పంచనామాలకూ మమ్మల్నే పిలుస్తారు కాబట్టి చెప్తున్నాను, సాయంత్రం చీకటి పడకముందే కార్యం కానివ్వాలని బంధువులు తొందరపడుతుంటే, మరణ కారణం అన్న గడిలో "అనారోగ్యం" అని రాయడం ఎంత తేలికో నాకు తెలుసు.

2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 105వ సెక్షను కింద సోదా, స్వాధీనం అంతా వీడియో తీయాలి. నిఠారీ కాలువ దగ్గర అలాంటి కెమెరా ఉండి ఉంటే, కోలీ వచ్చే ముందు అక్కడ ఎవరెవరు తవ్వుతున్నారో కోర్టు చూసి ఉండేది. మంచి నిబంధనే. కాకపోతే కెమెరా ఎప్పుడు మొదలుపెట్టాలన్నది పట్టుకున్నవాడి చేతిలోనే ఉంటుంది, కత్తి గుడ్డ మీదికి చేరిన తర్వాత మొదలుపెట్టినా వీడియో వీడియోనే.

పోయిన నెల నా తర్వాత ఆ ఊరికి వచ్చిన కుర్రాడు ఫోను చేశాడు. ఏదో దొంగతనం కేసులో మధ్యవర్తిగా పిలిచారట, పోయేసరికి సామాను బల్ల మీద ఉందట. "పెట్టమంటారా సార్?" అన్నాడు. సంతకం పైన నీ చేతిరాతతో, నువ్వు ఎన్ని గంటలకు చేరుకున్నావో, అప్పటికి వస్తువు ఎక్కడ ఉందో రెండు ముక్కలు రాసి పెట్టు అన్నాను. ఎస్ఐ గారు ఊరుకోరేమో సార్ అన్నాడు. ఊరుకోరు అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, వెనక ఎవరో అతన్ని పేరు పెట్టి పిలుస్తున్నారు. మళ్ళీ చేస్తానని పెట్టేశాడు. ఇంకా చేయలేదు.