చిల్లర లెక్క తేలేదాకా: నా బడ్జెట్ యాప్ బీటా అనుభవం

ఖర్చులు రాసుకునే యాప్ ఒకటి చేయడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. దాన్ని పదిమంది చేతిలో పెట్టేలా తయారుచేయడానికి ఇంకో రెండున్నర నెలలు. మొదటి ఎనిమిది నెలలూ సరదాగానే గడిచాయి కాబట్టి వాటి గురించి చెప్పేదేమీ లేదు.

యాప్ చేసే పని చిన్నదే. నెల మొదట్లో ఒక్కో విభాగానికి ఇంత అని పక్కన పెడతాం, ఖర్చయినప్పుడల్లా రాస్తాం, ఇంకెంత మిగిలిందో అది చూపిస్తుంది. కవర్లలో డబ్బు సర్దిపెట్టుకునే పాత పద్ధతే. నేనొక్కణ్ణే వాడినన్నాళ్లూ ఏ ఇబ్బందీ రాలేదు. ఎక్కడ నొక్కకూడదో నాకు తెలుసు కదా!

బీటాకి, అంటే కొద్దిమందికి ముందుగా ఇచ్చి పరీక్షించడానికి, వెళ్దామనుకున్న వారమే ఒక తేడా కంటబడింది. విభాగాల మొత్తాలు కూడితే వచ్చేదానికీ, పైన చూపిస్తున్న నెల మొత్తానికీ 0.01 తేడా. కారణం కొత్తదేమీ కాదు. కంప్యూటర్ మామూలుగా దశాంశాలను బైనరీలో, అంటే 0, 1 అంకెలతోనే దాస్తుంది, 0.1కి బైనరీలో కచ్చితమైన రూపం లేదు. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. ఇది ఎప్పుడో చదువుకున్నదే. అయినా మొదటిరోజు తొందరలో, తర్వాత చూద్దాంలే అని, సంఖ్యలను ఇలాగే దాచే డబుల్ టైప్ వాడేశాను.

సరే, మొత్తాలన్నీ పూర్ణసంఖ్యలుగా మారుద్దామనుకున్నాను. 12.50 అయితే లోపల 1250. వందతో గుణిస్తే అయిపోతుందనుకున్నా. కానీ 19.99ని వందతో గుణిస్తే 1998.9999999999998 వచ్చింది, దశాంశాలు కత్తిరిస్తే 1998 మిగిలింది. తేడా పోగొట్టడానికి రాసిన కోడే కొత్త తేడా తెచ్చిందన్నమాట. కత్తిరించకుండా దగ్గరి సంఖ్యకు సవరిస్తే అది సర్దుకుంది. ఆ తర్వాతగానీ తట్టలేదు, వంద అన్నదే అన్ని కరెన్సీలకూ కుదరదని. జపాన్ యెన్‌కి దశాంశాలే వాడరు, కువైట్ దినార్‌కి మూడు స్థానాలుంటాయి. 100ని ముగ్గురికి పంచితే మిగిలే 0.01 ఎవరి ఖాతాలో వేయాలన్నది ఇంకో తలనొప్పి. మొదటివాళ్లకే వేశాను. పద్ధతి ఏదైనా ఫర్వాలేదు, ప్రతిసారీ ఒకటే ఉండాలి.

అసలు టెన్షన్ పాత డేటా మార్చేటప్పుడు మొదలైంది. నా ఎనిమిది నెలల లెక్కలకే కాపీ తీసి, దానిమీద మార్పిడి నడిపించాను. సగంలో ఉండగా, ఏమవుతుందో చూద్దామని యాప్‌ని బలవంతంగా మూసేశాను. మళ్లీ తెరిస్తే మార్పిడి మొదటినుంచి మొదలైంది. అప్పటికే వందతో గుణించిన వరుసలన్నీ ఇంకోసారి గుణించుకున్నాయి. పాత జీతాలు చూస్తే నేను ఏకంగా కోటీశ్వరుణ్ణి! కాపీ కాబట్టి నవ్వుకున్నాను, అదే ఇంకొకరి ఫోన్‌లో అయితే నవ్వు వచ్చేది కాదు. మార్పిడినీ, అది అయిపోయిందని గుర్తుపెట్టే డేటాబేస్ వెర్షన్ నంబర్ పెంచడాన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే విడదీయరాని ఒకే పనిగా పెట్టాను. అయితే రెండూ జరగాలి, లేకపోతే ఏదీ జరగకూడదు. దీనికే రెండు వారాలు పోయాయి. పోయాయని బాధ లేదు.

ఈలోగా ఒక స్నేహితుడికి ముందుగానే ఇచ్చి చూశాను. మూడో రోజు ఫోన్. “ఒరేయ్, నీ యాప్ చూస్తే భయమేస్తోందిరా. నా జీతానికి రెట్టింపు ఖర్చుపెట్టానంటోంది!” వాడు కార్డుతో కొన్నవన్నీ శ్రద్ధగా రాశాడు. నెలాఖరున కార్డు బిల్లు కట్టి, అదీ రాశాడు. ఒకే ఖర్చు రెండుసార్లు పడింది. తప్పు వాడిది కాదు. నా యాప్‌లో ఆదాయం, ఖర్చు అని రెండే ఉన్నాయి మరి. సొంత ఖాతాల మధ్య కదిలే డబ్బు కోసం ‘బదిలీ’ అని మూడోది చేర్చాను.

31వ తేదీ సంగతి కూడా వాడి పుణ్యమే. ప్రతి నెలా 31న పడే ఖర్చు ఒకటి పెట్టుకున్నాడు. ఫిబ్రవరిలో అది 28కి జరిగింది, మంచిదే. కానీ మార్చిలోనూ 28నే చూపించింది, ఇక అక్కడే ఉండిపోయింది. తర్వాత పడాల్సిన తేదీ లెక్కించేటప్పుడు నేను కిందటి నెల తేదీకి ఒక నెల కలుపుతున్నాను, మొదట పెట్టిన తేదీకి కాదు.

బయటికి వదిలే ముందు క్రాష్ రిపోర్టులు, అంటే యాప్ ఆగిపోయినప్పుడు నాకు వచ్చే సమాచారం, తెరిచి చదవడం మంచిదైంది. ఎర్రర్‌తోపాటు ఖర్చు పక్కన రాసుకున్న నోటు, మొత్తం కూడా ఫోన్ దాటి నాకు వచ్చేస్తున్నాయి. గోప్యతా విధానంలోనేమో ‘మీ లెక్కలు మీ ఫోన్‌లోనే ఉంటాయి’ అని గొప్పగా రాశాను. అవి తీసేశాకే గూగుల్ ప్లేలో, యాప్ ఏ సమాచారం తీసుకుంటుందో చెప్పే డేటా సేఫ్టీ ఫారం నింపాను.

2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ ఖాతా అయితే, గూగుల్ ప్లేలో అందరికీ విడుదల చేయడానికి దరఖాస్తు పెట్టేముందు క్లోజ్డ్ టెస్ట్, అంటే మనం పిలిచినవాళ్లు మాత్రమే వాడి చూసే పరీక్ష జరగాలి. కనీసం 12 మంది వరుసగా 14 రోజులు అందులో ఉండాలి. నేను 20 మందిని అడిగాను. సరేనన్నవాళ్లు 17, నిజంగా చేరినవాళ్లు 14. ఐఫోన్ వాళ్లకి, విడుదలకు ముందు యాప్‌లు పరీక్షించే ఆపిల్ వారి టెస్ట్‌ఫ్లైట్‌లో ఇచ్చాను. అక్కడ ఒక్కో బిల్డ్‌కి, అంటే మనం పెట్టే ఒక్కో యాప్ ప్రతికి 90 రోజులే గడువు, ఆ తర్వాత అది తెరుచుకోదు కాబట్టి, లెక్కలన్నీ ఫైల్‌గా బయటికి తీసుకునే బటన్‌ని ఆఖర్న చేద్దామనుకున్నవాణ్ణి ముందే చేశాను.

వదిలిన రాత్రి నిద్ర పట్టలేదు. మొత్తాల గురించే ఏదో ఒక ఫిర్యాదు వస్తుందని ఎదురుచూశాను. పొద్దున్నే మొదటి మెసేజ్ వచ్చింది: “అన్నా, ఈ ఖర్చు ఏ విభాగంలోకి వస్తుందో తెలియకపోతే ఏం చేయాలి?” ‘ఇతరాలు’ అని ఒకటుంది. జాబితా అందంగా కనబడాలని దాన్ని అట్టడుగున, ‘మరిన్ని’ వెనక దాచాను. ఆ రోజే పైకి తెచ్చాను. రెండు వారాలయ్యాక అడిగితే, ఎక్కువమంది ఖర్చులు అందులోనే ఉన్నాయన్నారు.