రాని మనిషికీ వాటా

ఈమధ్య అడవి సరుకు అమ్ముకునే ఒక ఆదివాసీ మహిళా సంఘం సమావేశంలో మధ్యాహ్నమంతా కూర్చున్నాను. అమ్మకాలు, లాభాల గురించే మాట్లాడతారనుకున్నా. కానీ సగం సమయం ఒక్క విషయానికే పట్టింది: జబ్బుపడి ఆ నెల పనికి రాలేకపోయిన ఆమెకు వాటా ఇవ్వాలా వద్దా అని. ఒక పెద్దావిడ, మన కాన్పులప్పుడు మన పని ఎవరు చేశారని అడిగింది. ఇంకెవరూ వాదించలేదు. వాటా రాశారు. నాకు మాత్రం కళ్లు చెమర్చాయి.

మెక్సికోలోని క్వెట్సాలాన్‌లో నహువా అనే ఆదివాసీ తెగ మహిళలు గుర్తొచ్చారు. తమ నేతపనికి సరైన ధర కోసం 1980ల్లో సంఘంగా కూడారు. 1997లో తసెలోత్సిన్ అనే బస హోటల్ తెరిచి, తామే నడుపుకుంటున్నారు.

ఇలాంటి సంఘాలను ‘ఇంటి ఖర్చులకు ఏదో వేడినీళ్లకు చన్నీళ్ల తోడు’ అనడం నాకు నచ్చదు. కేవలం అప్పులిచ్చి వసూలు చేసుకునే పథకాలతో కలిపి చూడటం అంతకన్నా తప్పు. ఇక్కడ ధర ఎంత, అడవి నుంచి ఎంత తీసుకోవాలి, మిగిలింది ఎవరికి అన్నవి ఆడవాళ్లే తేలుస్తున్నారు. అడవి మీద, నేల మీద హక్కు లేకపోతే మాత్రం ఇదేదీ నిలవదు. ఆరోజు సమావేశంలో చివరిదాకా అందరినీ వేధించిన దిగులు కూడా అదే.

వచ్చే నెల మళ్లీ రమ్మన్నారు. వెళ్తాను.